నిన్నటిదాకా ఒకే జట్టు, ఇవాళ ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోసుకోవడం: ఇరాన్ మీద అమెరికా కామెంటేటర్ల గొడవ నిజమా, నాటకమా?

సందేహాలరావు
కారులో ఆఫీసుకి వెళ్తూ వస్తూ రాజకీయ పాడ్‌కాస్టులు వినడం నాకు అలవాటు. 2024 ఎన్నికలప్పుడు నేను వినేవాళ్లంతా ఒకే జట్టు, ట్రంప్ జట్టు. ఒకరి షోకి ఇంకొకరు గెస్ట్. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి మొదలుపెట్టిందో లేదో, ఆ రోజే జట్టు చీలిపోయింది. యుద్ధాన్ని ఎగదోస్తున్నది వీళ్లే అంటూ ఒకప్పటి ఫాక్స్ న్యూస్ యాంకర్ టకర్ కార్ల్‌సన్, ఫాక్స్ యాంకర్లు షాన్ హానిటీ, మార్క్ లెవిన్, ఆ చానల్ పెట్టిన రూపర్ట్ మర్డోక్ పేర్లు పెట్టి మరీ రాశాడు. లెవిన్ ఊరుకుంటాడా, ఉతికి ఆరేశాడు. ట్రంప్ మాజీ సలహాదారు, పాడ్‌కాస్టర్ స్టీవ్ బానన్ టకర్ పక్క, ఇంకో పాడ్‌కాస్టర్ బెన్ షపీరో అవతలి పక్క. ఆ బాంబులు ఆగాక నెలలు గడిచినా వీళ్ల గొడవ మాత్రం ఆగలేదు.

నేను అడిగేది ఒకటే. వీళ్లు నిజంగా విదేశాంగ విధానం మీదే కొట్టుకుంటున్నారా, లేక వ్యూస్ కోసం కొట్టుకుంటున్నట్టు నటిస్తున్నారా? విసుగొచ్చేసింది, కానీ వినడం మానలేకపోతున్నా.

నక్షత్రకుడు
వ్యూస్. తర్వాతి ప్రశ్న?

పాతకాపు
అంత తేలిగ్గా కొట్టిపారేయకు నక్షత్రకా. ఈ పేచీ పాడ్‌కాస్టులు పుట్టకముందు నుంచీ ఉంది. యూరప్ యుద్ధంలో వేలు పెట్టొద్దంటూ 1940 సెప్టెంబర్‌లో అమెరికా ఫస్ట్ కమిటీ పెట్టారు. అట్లాంటిక్‌ని ఒంటరిగా విమానంలో దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్ దానికి పెద్ద గొంతు. వాల్టర్ వించెల్ అనే కాలమిస్టు అటు పేపర్లో, ఇటు రేడియోలో వాళ్లని ఏకిపారేసేవాడు. మనల్ని యుద్ధంలోకి లాగుతున్నది బ్రిటిష్‌వాళ్లు, యూదులు, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం అని 1941 సెప్టెంబర్‌లో డి మోయిన్ సభలో లిండ్‌బర్గ్ అన్నాడు. దాంతో కమిటీ పరువు గంగలో కలిసింది. డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి తర్వాత దుకాణమే మూసేశారు.

మళ్లీ 2002-03లో ఇదే కథ. ఇరాక్ యుద్ధం వద్దన్న పాట్ బుకానన్ బృందం సొంతంగా ఒక పత్రిక పెట్టుకుంది. వాళ్లకి దేశభక్తి లేదంటూ ఇంకో కన్సర్వేటివ్ పత్రిక నేషనల్ రివ్యూలో డేవిడ్ ఫ్రమ్ పెద్ద వ్యాసం రాశాడు. అందరూ కన్సర్వేటివ్‌లే, అందరూ రిపబ్లికన్లకి ఓటేసేవాళ్లే. ఇప్పుడు చూస్తున్నది ఆ తగాదాకే కొనసాగింపు. అప్పుడు తిట్లు పత్రిక అచ్చయినప్పుడల్లా వచ్చేవి, ఇప్పుడు గంటకోసారి వస్తున్నాయి.

నక్షత్రకుడు
పత్రిక అచ్చయ్యేదాకా ఆగి తిట్టుకునేవాళ్లా! ఎంత ఓపికమంతులు.

చంద్రిక_వి
పాతకాపు గారూ, ఒక ముక్క వదిలేశారు. 2003లో టకర్ ఎటువైపు ఉన్నాడు? సీఎన్‌ఎన్‌లో క్రాస్‌ఫైర్ చేస్తూ ఇరాక్ యుద్ధాన్ని సమర్థించినవాడే. తర్వాత మనసు మార్చుకున్నాడు. కాబట్టి ఇది ఆయనకి పుట్టుకతో వచ్చిన సిద్ధాంతమేమీ కాదు.

కాకపోతే మార్చుకున్నాక ఆ మాట మీదే నిలబడ్డాడు, అది ఒప్పుకోవాలి. 2020 జనవరిలో ఇరాన్ జనరల్ ఖాసిం సులేమానీని అమెరికా చంపినప్పుడు, ఫాక్స్‌లో రాత్రి 8 గంటల షోలో టకర్ ఇది అవసరమా అని నిలదీశాడు. 9 గంటలకి అదే చానల్లో హానిటీ భేష్ అన్నాడు. మధ్యలో ప్రకటనలు తప్ప ఏమీ లేవు. మా నాన్న రెండూ వరసగా చూసి, ఈ చానల్ వాళ్లు ఒకరి షో ఒకరు చూడరా అని అడిగారు.

కాకిలెక్క
సిద్ధాంతం ఉండొచ్చు, నేను కాదనను. కానీ గొడవ ఇంత పచ్చిగా ఎందుకు నడుస్తోందో తెలియాలంటే డబ్బు ఎటు నుంచి వస్తోందో చూడండి. ఓటింగ్ యంత్రాల కంపెనీ డొమినియన్ వేసిన పరువునష్టం కేసులో ఫాక్స్ 78.75 కోట్ల డాలర్లు కట్టి రాజీ పడింది 2023 ఏప్రిల్‌లో. అదే నెలలో, వారం తిరక్కముందే టకర్‌ని సాగనంపింది. చానల్లో ఉన్నంతకాలం పక్క స్టూడియో మనిషిని పేరు పెట్టి తిట్టడానికి లేదు, పైన యాజమాన్యం ఉంటుంది. బయటికొచ్చి సొంత దుకాణం పెట్టాక ఆపేవాడు లేడు. నెలనెలా చందా కట్టేవాడికి కావాల్సిందల్లా తను నమ్మినదాన్ని ఇంకాస్త గట్టిగా చెప్పే గొంతు. మధ్యస్థంగా మాట్లాడితే చందా రద్దు.

షపీరో, కాండేస్ ఓవెన్స్ సంగతే చూడండి. ఇద్దరూ డెయిలీ వైర్ అనే మీడియా కంపెనీలోనే. 2023 అక్టోబర్ తర్వాత ఇజ్రాయెల్ మీద మాటామాటా పెరిగింది. 2024 మార్చిలో ఆమె బయటికి వచ్చేసింది. ఆ గొడవలో ఎవరి దుకాణమూ మూతపడలేదు.

నక్షత్రకుడు
నేను ఒక్క ముక్కలో చెప్పింది ఈయన రెండు పేరాల్లో చెప్పారు. నాకే ఎక్కువ లైకులు రావాలి.

మౌనముని
డబ్బు గురించి మాట్లాడేటప్పుడు 2024 సెప్టెంబర్ కేసు మర్చిపోకూడదు. రష్యా ప్రభుత్వ చానల్ ఆర్‌టీ ఉద్యోగులు ఇద్దరి మీద అమెరికా న్యాయశాఖ అభియోగాలు మోపింది. టెనెసీలో ఒక వీడియో కంపెనీకి దాదాపు కోటి డాలర్లు దొడ్డిదారిన పంపారని. ఆ కంపెనీ పేరున్న కామెంటేటర్లకి డబ్బిచ్చి వీడియోలు చేయించుకుంది. ఒకరికైతే వారానికి నాలుగు వీడియోలకి నెలకి 4 లక్షల డాలర్లు. డబ్బు ఎక్కడిదో మాకు తెలియదు, మేమే మోసపోయాం అని కామెంటేటర్లు చెప్పారు. వాళ్ల మీద కేసు లేదు కూడా. కానీ నెలకి 4 లక్షలిస్తామని ఎవరైనా వస్తే ఆ పెట్టుబడిదారుడు ఎవరో నేనైతే కనుక్కుంటా.

సందేహాలరావు
నెలకి 4 లక్షలా! నేను కారులో కూర్చుని ఉచితంగా అభిప్రాయాలు చెబుతుంటాను, మా ఆవిడ ఒక్కతే శ్రోత.

తర్కవాది
మీరంతా డబ్బు, చరిత్ర అంటున్నారు గానీ అసలు విషయం ఎవరూ మాట్లాడట్లేదు. ఇరాన్ దగ్గర అణుబాంబు ఉండాలా వద్దా? 2025 మే నాటికి 60 శాతం శుద్ధి చేసిన యురేనియం 400 కిలోలకి పైగా ఉందని చెప్పింది అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఐఏఈఏ, లెవిన్ కాదు. ఇరాన్‌తో కుదిరిన 2015 అణు ఒప్పందంలో పరిమితి 3.67 శాతం. కరెంటు కోసం 60 శాతం ఎవరికి కావాలి? జూన్ 12న ఐఏఈఏ బోర్డే ఇరాన్ నిబంధనలు పాటించట్లేదని తీర్మానించింది. టకర్ గంటలకొద్దీ మాట్లాడతాడు, ఈ 400 కిలోల దగ్గరికి వచ్చేసరికి మాట దాటేస్తాడు. నాకు అక్కడే అనుమానం.

చంద్రిక_వి
@తర్కవాది, ఆ 2015 ఒప్పందం నుంచి 2018 మేలో బయటికి వచ్చింది ఎవరు? ట్రంపే కదా. ఒప్పందం ఉన్నప్పుడు 3.67 దాటలేదు. 60కి వెళ్లింది 2021లో. పైగా ఇరాన్ ప్రస్తుతం బాంబు తయారు చేయట్లేదని ఇంటెలిజెన్స్ అధిపతి తులసి గబార్డ్ 2025 మార్చిలో సెనేట్ ముందు చెప్పింది. జూన్‌లో విలేకరులు అదే గుర్తు చేస్తే, ఆమె ఏమందో నాకు అనవసరం అనేశాడు ట్రంప్. ఇంట్లో మనిషి మాటకే విలువ లేనప్పుడు టకర్‌నో లెవిన్‌నో తప్పు పట్టి ఏం లాభం?

తర్కవాది
తయారు చేయట్లేదు అనేది వేరు, కావాలంటే కొద్ది వారాల్లో సరుకు సిద్ధం చేసుకోగలరు అనేది వేరు. గబార్డ్ అదే సాక్ష్యంలో శుద్ధి చేసిన యురేనియం నిల్వ ముందెన్నడూ లేనంత ఎక్కువగా ఉందని కూడా చెప్పింది. మీకు నచ్చిన సగమే వింటే ఎలా?

అర్ధరాత్రి_శ్రోత
మీ ఇద్దరి వాదనలూ బావున్నాయి గానీ, నేను చూసింది చెబుతా. నా టీమ్‌లో ఒకతను టెహ్రాన్‌లో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చేశాడు. వాళ్లమ్మ ఇంకా అక్కడే. ఆ 12 రోజుల యుద్ధం మధ్యలో ఇరాన్‌లో ఇంటర్నెట్ దాదాపు మొత్తం తీసేశారు. మీటింగ్‌లో కూర్చుని ఫోన్ బల్ల మీద పెట్టి, పంపిన మెసేజ్‌కి రెండో టిక్కు వస్తుందేమో అని చూస్తుండేవాడు. ఒకే టిక్కు. మళ్లీ పంపేవాడు. మళ్లీ ఒకే టిక్కు.

అతనికి ఆ ప్రభుత్వం అంటే ఒళ్లు మంట, వాళ్ల మామయ్యని జైల్లో పెట్టింది. అయినా పక్క సీట్లో ఒకడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకుండా ఇరాన్ అణు కేంద్రం ఫోర్డో మీద బాంబు ఎలా పడాలో విశ్లేషించే వీడియో చూస్తుంటే లేచి వెళ్లిపోయాడు. వీడియో చూస్తున్నవాడికి ఎందుకు వెళ్లాడో అర్థం కూడా కాలేదు.

తర్కవాది
దానికి నేను జవాబు చెప్పలేను అన్నా. వాళ్లమ్మ క్షేమమేనా?

అర్ధరాత్రి_శ్రోత
క్షేమమే. సిటీ వదిలి బంధువుల ఇంటికి వెళ్లిందట.

బుల్లెట్_భైరవుడు
ఈ మొత్తం గొడవలో నాకు నచ్చిన సీన్ ఒక్కటే. రిపబ్లికన్ సెనేటర్ టెడ్ క్రూజ్‌ని టకర్ ఇరాన్ జనాభా ఎంత అని అడగడం. మొహం చూడాలి ఆయనది.

చంద్రిక_వి
అది నేనూ రెండుసార్లు చూశా. జూన్ 18న వచ్చింది, దాదాపు రెండు గంటల ఇంటర్వ్యూ. మీరు కూల్చాలంటున్న ప్రభుత్వం ఏలే దేశంలో జనం ఎంతమంది అంటే క్రూజ్‌కి తెలియదు. 9 కోట్ల 20 లక్షలు అని టకరే చెప్పాడు. నేను జనాభా లెక్కలు కంఠస్థం చేసి కూర్చోను అని క్రూజ్ సమాధానం. ఇజ్రాయెల్‌ని దీవించినవాణ్ణి దేవుడు దీవిస్తాడు అన్న బైబిల్ మాట దగ్గరా అంతే. ఎక్కడుందది అంటే వెంటనే చెప్పలేకపోయాడు. అది ఆదికాండం 12వ అధ్యాయం, అందులో ఇజ్రాయెల్ అన్న పేరే లేదు, దేవుడు అబ్రాముతో అన్న మాట.

నన్ను ఆపేసింది వేరే చోటు. మేం దాడులు చేస్తున్నాం అని క్రూజ్ నోరు జారాడు. అప్పటికి అమెరికా దాడిలో లేదనేది అధికారిక మాట. టకర్ వెంటనే పట్టుకున్నాడు. ఇజ్రాయెల్ చేస్తోంది, మేం సాయం చేస్తున్నాం అని సర్దుకున్నాడు సెనేటర్. ఫార్వర్డ్ అయిన క్లిప్పులన్నీ జనాభా ముక్కవే, నాకు ఇదే అసలైనది అనిపించింది.

తర్కవాది
జనాభా తెలియకపోతే విధానం తప్పైపోతుందా? పరీక్ష హాల్లో పిల్లాణ్ణి నిలబెట్టినట్టు అడగడం ఇంటర్వ్యూ ఎలా అవుతుంది? అదే టకర్ 2024 ఫిబ్రవరిలో పుతిన్ ముందు కూర్చుంటే ఆయన అరగంట వెయ్యేళ్ల రష్యా చరిత్ర చెప్పాడు, ఈయన బుద్ధిగా విన్నాడు. 2025 జూలైలో ఇరాన్ అధ్యక్షుడు పెజెష్కియాన్‌తో మాట్లాడినప్పుడు కూడా మెత్తమెత్తగానే. గద్దింపు అంతా సొంత దేశం సెనేటర్ మీదేనా?

బుల్లెట్_భైరవుడు
@తర్కవాది ఇది మాత్రం పాయింటే బ్రో. నేను టకర్ ఫ్యాన్‌నే, అయినా ఒప్పుకుంటా.

లాయర్_మాస్టారు
వీళ్లందరి శ్రోతలు లక్షల్లో ఉంటారని మనం అనుకుంటున్నాం. జూన్‌లో వాళ్లకి కావాల్సిన శ్రోత ఒక్కడే, వైట్‌హౌస్‌లో ఉన్నాడు. లెవిన్ జూన్ మొదట్లో అక్కడికి వెళ్లి భోజనం చేసి తన వాదన చెప్పి వచ్చాడని వార్త. బానన్ 19న అదే పని చేశాడు. ట్రంప్ టకర్‌ని తిక్కవాడు అన్నట్టు పోస్టు పెట్టాడు. ముందు ఒక టీవీ చానల్ సంపాదించుకుని మాట్లాడమను, అప్పుడు జనం వింటారు అని కెనడాలో జీ7 సమావేశాల దగ్గర వెటకారం. అమెరికా ఫస్ట్ అనే మాటకి అర్థం ఏమిటో నిర్ణయించేది నేనే అని అట్లాంటిక్ పత్రికకి చెప్పాడు. ఆ తర్వాత టకర్ ఫోన్ చేసి సారీ చెప్పాడని కూడా ట్రంపే చెప్పాడు.

జూన్ 22 తెల్లవారుజామున, ఇరాన్ టైమ్‌లో, ఏడు అమెరికా బి-2 విమానాలు అక్కడి అణు కేంద్రాల మీద 14 బాంబులు వేశాయి. ఒక్కోటి 30,000 పౌండ్లు. 12 ఫోర్డో మీద, 2 నతాంజ్ మీద. ఇస్ఫహాన్ మీద సబ్‌మెరైన్ నుంచి తోమహాక్ క్షిపణులు. ముందురోజు దాకా వద్దన్న కామెంటేటర్లలో చాలామంది దాడి అయ్యాక అధ్యక్షుడి తెలివిని పొగిడారు. సిద్ధాంతం గట్టిదే అయితే అంత తొందరగా కరిగిపోతుందా?

పాతకాపు
మాస్టారూ, అందరూ కరగలేదు. మార్జరీ టేలర్ గ్రీన్ నిలబడింది, థామస్ మాస్సీ నిలబడ్డాడు. టకర్ కూడా.

లాయర్_మాస్టారు
అందులో ఇద్దరు అప్పటి ప్రతినిధుల సభ సభ్యులు, కామెంటేటర్లు కారు.

నక్షత్రకుడు
ఈమధ్య తేడా ఏముంది మాస్టారూ? డిఫెన్స్ సెక్రటరీగా వెళ్లిన హెగ్సెత్ ఫాక్స్ వీకెండ్ షో నుంచి వచ్చాడు. ఎఫ్‌బీఐ డిప్యూటీ డైరెక్టర్‌గా వెళ్లిన బాంజినో పాడ్‌కాస్టర్. సెనేటర్ క్రూజ్‌కి సొంత పాడ్‌కాస్ట్. యాంకర్లు ప్రభుత్వంలో, ప్రభుత్వం మైకుల ముందు.

విహారి_సి
2025 ఫిబ్రవరిలో ట్రంప్ ఓవల్ ఆఫీసులో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీని సూటు ఎందుకు వేసుకోలేదని అడిగింది కూడా ఒక చానల్ మనిషే కదా. యుద్ధంలో ఉన్న దేశాధ్యక్షుడికి డ్రెస్ కోడ్ పాఠం. అప్పుడూ వీళ్లలో సగం మంది చప్పట్లు కొట్టారు. ఉక్రెయిన్ మీద వీళ్లకి ఇంత గొడవ రాలేదు, ఇరాన్ మీదే ఎందుకు వచ్చింది?

పాతకాపు
మంచి ప్రశ్న. ఉక్రెయిన్ అంటే జట్టులో ఎక్కువమందికి డబ్బు వృథా అన్న ఒకే మాట, లెవిన్ లాంటి కొద్దిమంది తప్ప. ఇజ్రాయెల్ అలా కాదు. ఇవాంజెలికల్ చర్చిలకి వెళ్లే ఓటర్లకి అది మతవిశ్వాసం. ఇరాక్ నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు ఉన్న ఇళ్లకి మధ్యప్రాచ్యం అంటేనే కోపం. ఇద్దరూ ఒకే పార్టీకి ఓటేస్తారు. మామూలు రోజుల్లో ఈ రెండు భావాలూ ఎదురుపడవు, యుద్ధం వచ్చినప్పుడే ఎదురుపడతాయి.

శారద_కె
యాంకర్ల గురించే మాట్లాడుతున్నారు, పక్కన కూర్చునే రిటైర్డ్ జనరల్స్ సంగతో? 2008లో న్యూయార్క్ టైమ్స్‌లో డేవిడ్ బార్‌స్టో బయటపెట్టాడు. ఇరాక్ యుద్ధం మీద టీవీల్లో స్వతంత్ర విశ్లేషకులుగా కూర్చున్న మాజీ సైనికాధికారులని పెంటగాన్ పిలిచి, ఏం చెప్పాలో వివరించి పంపేది. చాలామందికి ఆయుధ కాంట్రాక్టు కంపెనీలతో సంబంధాలు. తెర మీద పేరు కింద అదేమీ వేయలేదు. 2009లో దానికి పులిట్జర్ వచ్చింది. టకర్, లెవిన్ కనీసం ఏ వైపో చెప్పి తిట్టుకుంటున్నారు. మర్యాదగా, శాంతంగా మాట్లాడే నిపుణుడంటేనే నాకు ఎక్కువ టెన్షన్.

తర్కవాది
శారద గారూ, ఇది నేను ఒప్పుకుంటా. జూన్‌లో కూడా మ్యాప్ ముందు నిలబడి బాణం గుర్తులు గీసినవాళ్లలో ఎవరు ఏ కంపెనీ బోర్డులో ఉన్నారో ఒక్క చానలూ వేయగా నేను చూడలేదు.

రామబాణం
వామపక్షం వాళ్లేమీ తక్కువ తినలేదు. గాజా మీద డెమోక్రాట్ల వైపు మీడియాలో ఇంతకంటే ఘోరంగా కొట్టుకున్నారు. ఎంఎస్‌ఎన్‌బీసీలో మెహదీ హసన్ షో 2023 నవంబర్‌లో తీసేస్తున్నామన్నారు, 2024 జనవరిలో ఆయన వెళ్లిపోయాడు. అదే చానల్ 2003 ఫిబ్రవరిలో, ఇరాక్ యుద్ధం కొద్ది వారాల్లో మొదలవుతుందనగా, ఫిల్ డోనహ్యూ షో ఎత్తేసింది. అప్పటికి ఆ చానల్లో ఎక్కువమంది చూసే షో అదే. యుద్ధ సమయంలో ఈయన మన చానల్‌కి ఇబ్బందికరమైన ముఖం అని లోపలి నోట్‌లో రాసుకున్నారు.

కాకిలెక్క
ఇది నా వాదనకే దెబ్బ. జనం చూస్తున్న షోని ఎత్తేశారంటే అక్కడ వ్యూస్ లెక్క పని చేయలేదు. భయం పని చేసింది.

నక్షత్రకుడు
కాకిలెక్క గారి లెక్క తప్పింది, ఈ రోజు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

సందేహాలరావు
2025 అక్టోబర్ చివర్లో ఇంకో మలుపు తిరిగింది కదా, దాని గురించి ఎవరైనా చెప్పండి. టకర్ నిక్ ఫ్యుయెంటెస్‌ని కూర్చోబెట్టి మాట్లాడాడు, కన్సర్వేటివ్ మేధోసంస్థ హెరిటేజ్ ఫౌండేషన్ అధ్యక్షుడు కెవిన్ రాబర్ట్స్ టకర్‌ని వెనకేసుకొచ్చాడు, సంస్థలోనే రచ్చ. ఇది కూడా విదేశాంగ విధానమేనా?

శారద_కె
కాదు. నేను అక్కడ గీత గీస్తాను. ఇజ్రాయెల్‌కి ఆయుధాలు ఇవ్వాలా వద్దా అనేది విధానం, దాని మీద ఎంత గట్టిగానైనా వాదించుకోవచ్చు. ఫ్యుయెంటెస్ హిట్లర్‌ని మెచ్చుకున్న మనిషి. యూదుల మీద అతను బాహాటంగా అనేవాటికి ఇరాన్‌తో సంబంధమే లేదు. అతన్ని రెండు గంటలకి పైగా కూర్చోబెట్టి, అడగాల్సినవి గట్టిగా అడగకుండా పంపాడు. క్రూజ్‌ని బైబిల్ అధ్యాయం నంబర్ అడిగినవాడికి ఇక్కడ ప్రశ్నలు కరువయ్యాయా?

చంద్రిక_వి
దీని మీద నేనూ టకర్‌ని సమర్థించను. బాధ ఏంటంటే యుద్ధం వద్దన్న మాట సరైనదే అయినా, ఇక మీద ఎవరు అన్నా ఆ జట్టులోకి తోసేస్తారు. పాతకాపు గారు చెప్పిన డి మోయిన్ ప్రసంగం తర్వాత కమిటీకి జరిగింది ఇదే.

తర్కవాది
అటువైపు కూడా చూడండి చంద్రిక గారూ. బాంబు వేయొద్దన్న ప్రతివాణ్ణీ యూదు ద్వేషి అనేస్తున్న కామెంటేటర్లు నా వైపు కొందరున్నారు. అది తప్పే కాదు, తెలివితక్కువ కూడా. ఆ ముద్రని ఊరికే వాడేస్తే ఫ్యుయెంటెస్ లాంటివాడు నిజంగా ఎదురైనప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు.

బుల్లెట్_భైరవుడు
చంద్రిక, తర్కవాది ఒకే మాట మీదకి వచ్చారు. అడ్మిన్ గారూ, సర్వర్ సరిగ్గానే ఉందా?

లాయర్_మాస్టారు
ఈ సందడిలో ఎవరూ అడగని ప్రశ్న: యుద్ధానికి వెళ్లాలా వద్దా అని నిర్ణయించాల్సింది ఎవరు? రాజ్యాంగం ప్రకారం యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌ది. 1973లో నిక్సన్ వీటోని తోసిరాజని వార్ పవర్స్ చట్టం చేశారు. అధ్యక్షుడు సైన్యాన్ని దింపితే 48 గంటల్లో కాంగ్రెస్‌కి చెప్పాలి, అనుమతి రాకపోతే 60 రోజుల్లో ఆపాలి. ఇరాన్ మీద మళ్లీ దాడికి మా అనుమతి కావాలి అనే డెమోక్రాట్ సెనేటర్ టిమ్ కెయిన్ తీర్మానం జూన్ 27న సెనేట్‌లో ఓటింగ్‌కి వచ్చి 47-53తో వీగిపోయింది. రాండ్ పాల్ ఒక్కడే రిపబ్లికన్ అనుకూలంగా, ఫెటర్‌మన్ ఒక్కడే డెమోక్రాట్ వ్యతిరేకంగా. ఆ వారం నేను విన్న షోలలో ఎవరు ఎవరిని ఏమన్నారో గంటలకొద్దీ ఉంది, ఈ ఓటు గురించి రెండు నిమిషాలు లేదు.

సందేహాలరావు
నిజం మాస్టారూ, నేను రోజూ వింటాను, ఈ ఓటు సంగతి ఇప్పుడే తెలిసింది. ఎవరు ఎటు వేశారో ఎక్కడ చూడాలి?

లాయర్_మాస్టారు
సెనేట్ వెబ్‌సైట్‌లో రోల్ కాల్ ఓట్లు అని ఉంటుంది. 2025 జూన్ 27 తేదీ వెతుకు. పేర్లు రాష్ట్రాలవారీగా కూడా ఇస్తారు.

సందేహాలరావు
దొరికింది. మా రాష్ట్రం వాళ్లు ఇద్దరూ చెరోవైపు వేశారు.

నక్షత్రకుడు
ఇద్దరికీ చెరో పాడ్‌కాస్ట్ పెట్టించండి.